అద్దానికీ ఫోటోకీ నడుమ

నారాయణఖేడ్‌లో మాది పటాలు కట్టే దుకాణం. నాయిన కాలంలో అది ఫోటో స్టూడియో. ఇప్పుడు డార్క్ రూమ్ ఉండిన గదిలోనే బీడింగు కర్రలు, అద్దాలు, అట్టలు పెట్టుకుని నేను ఫ్రేములు కడుతున్నాను. వానలు పడ్డాక నాలుగు రోజులకు మొదలవుతుంది ఒక రకం గిరాకీ. పాత ఫ్రేమును కొంగు కింద దాచుకుని తెస్తారు. బల్ల మీద పెట్టి, "బిడ్డా, మా ఆయన ఫోటో అద్దానికి పట్టుకున్నది. గీ ఒక్కటే ఉన్నది. జర ఊడదీసి కొత్త అద్దం ఎయ్యవా?" అంటారు.

నేను అద్దాన్ని వెలుతురుకు అడ్డంగా వంచి చూస్తాను. ముఖం మీద, సరిగ్గా బుగ్గ దగ్గర, తడి మరకలా నిగనిగలాడే ఒక మచ్చ ఉంటుంది. అక్కడే ఫోటో అద్దానికి అతుక్కుంది. మచ్చ అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు సన్నగా మెరుస్తుంటాయి. "అవ్వా, ఊడదీస్తే కాయితం నా చేతికొస్తది, ముఖం అద్దానికే ఉంటది," అని చెప్తాను. నమ్మరు. నెమ్మదిగా లాగితే వస్తుందనీ, ఆవిరి పడితే వస్తుందనీ ఎవరో చెప్పి ఉంటారు. దయచేసి లాగకండి. అద్దంతో పాటే ఉంచి, అద్దం మీదుగానే స్కాన్ చేయించి, ఆ కాపీని కొత్త పటం కట్టించుకోవడం మంచిది. అసలుది అద్దంతో సహా అట్టపెట్టెలో ఒబ్బిడిగా దాచుకోవాలి. అతుక్కున్న ఫోటోను విడదీసే పని, పాత వస్తువులను కాపాడే నిపుణులైన కన్జర్వేటర్లది. వాళ్లు కూడా అన్నిసార్లూ ఆ పనికి పూనుకోరు.

అలా ఎందుకు అతుక్కుంటుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. మన ఇళ్లలోని పాత నలుపు తెలుపు ఫోటోలను స్టూడియోవాళ్లు బ్రోమైడ్ ప్రింట్లు అనేవారు. అడుగున కాగితం, దాని మీద బెరైటా అనే తెల్లటి పూత, ఆపైన జిలాటిన్ పొర. జిలాటిన్ అంటే పశువుల ఎముకలు, తోళ్లు ఉడికించి తీసిన పదార్థం. ఆ పొరలో కంటికి కనపడనంత సన్నని వెండి రేణువులు ఉంటాయి. నాయనమ్మ ముక్కుపుడక అయినా, తాత మీసం అయినా ఆ వెండి రేణువులే. గాలిలో చెమ్మ పెరిగితే జిలాటిన్ దాన్ని పీల్చుకుని ఉబ్బి మెత్తబడి జిగురవుతుంది. ఎదురుగా అద్దం ఆనుకుని ఉంటే దానికి పట్టుకుంటుంది. మళ్లీ ఎండ కాసినప్పుడు అక్కడే గట్టిపడిపోతుంది. ఇలా నలభై వానాకాలాలు గడిచిన పటమే నా బల్ల మీదికి వస్తుంది.

మాకు బీదర్ దగ్గర. 1956లో రాష్ట్రాలు మారేదాకా నారాయణఖేడ్ బీదర్ జిల్లాలోనే ఉండేది, తర్వాత మెదక్ జిల్లాలో చేరింది. అందుకే మా పాత ఇళ్లలో బిద్రీ వస్తువు ఒకటైనా కనపడుతుంది, గుడగుడో, పాన్‌దానో. నల్లటి లోహం మీద పొదిగిన వెండి తీగ కాలం గడిచేకొద్దీ మసకబారితే గుడ్డ పెట్టి తుడుస్తాం, మళ్లీ తళతళలాడుతుంది. ఫోటోలోని వెండికి ఆ అవకాశం లేదు. గాలిలోని గంధకం తగిలితే అది గోధుమరంగుకు తిరిగి పాలిపోతుంది. కొత్త రంగుల వాసన, చవక అట్టల నుంచి వచ్చే ఆవిరి తగిలితే వెండి కరిగి పైకి పాకి, నల్లటి భాగాల మీద నీలిరంగు అద్దపు మెరుపులా తేలుతుంది. తుడిస్తే పోయేది మురికి కాదు, బొమ్మే. తడిబట్టతో, కొలిన్‌తో, ఉమ్మి తడితో ఫోటో ఉపరితలాన్ని తుడిచే అలవాటు మానుకోవాలి. దుమ్ము ఉంటే మెత్తటి పొడి బ్రష్‌తో, ఊరికే తాకినట్టు తాకి ఊడ్చేస్తే చాలు.

హైదరాబాద్ రాజ్యపు ఫోటోల మాట వస్తే రాజా దీన్‌దయాళ్‌ను తలచుకోకుండా ఉండలేం. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టాడు, రూర్కీలో ఇంజనీరింగ్ చదివాడు, ఇండోర్‌లో కొలువు చేస్తూ కెమెరా పట్టాడు. తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో నడిపించాడు. 1905లో పోయాడు. ఆయన తీసిన 2,857 గాజు నెగెటివ్‌లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించి భద్రపరిచింది. వాటి నుంచి కొత్త ప్రింట్లు వేయొచ్చు. కానీ ఆయన కాలంలోనే స్టూడియోలో వేసి ఇచ్చిన ప్రింట్లు చాలావరకు ఆల్బ్యుమెన్ ప్రింట్లు. ఆ రోజుల్లో పల్చటి కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన, ఉప్పు పూసి, సిల్వర్ నైట్రేట్ పట్టించి, ఎండలో పెట్టి బొమ్మ తెప్పించేవారు. కాగితం పల్చనిది కాబట్టి చుట్టుకుపోకుండా మందపాటి అట్టకు అంటించేవారు. ఆ సొన పసుపు పచ్చబడుతుంది, వెలుతురు తగిలితే తెల్లటి భాగాల్లోని వివరాలు మొదట మాయమవుతాయి. అంచుల్లో పసుపు తిరిగి, పొరలో సన్నని పగుళ్లున్న చిన్న ఫోటో అట్టకు అంటించి, కింద స్టూడియో పేరు అచ్చయి ఉంటే, అది ఆల్బ్యుమెన్ కావచ్చు. దాన్ని గోడకు వేలాడదీయకండి.

మా ప్రాంతాన్ని కెమెరా పట్టించుకున్న మరో సందర్భం గులాం యజ్దానీది. నిజాం రాజ్య పురావస్తు శాఖను 1914 నుంచి నడిపిన ఆయన అజంతా చిత్రాలను ఫోటోల ఆధారంగా నాలుగు భాగాలుగా అచ్చు వేయించాడు. బీదర్ కట్టడాల మీద 1947లో పెద్ద పుస్తకం తెచ్చాడు. ఆ పుస్తకంలో బీదర్ మదర్సా, కోట, సమాధులు అప్పటి స్థితిలో కనిపిస్తాయి. పడిపోయిన గోడను మళ్లీ కట్టాలంటే ఇలాంటి ఫోటోయే ఆధారం అవుతుంది. ఇంట్లో ఉన్న ముసలమ్మ ఫోటోకూ అదే విలువ ఉందని నా నమ్మకం. దానివల్లే ఆమె కట్టుకున్న చీర అంచు, వేసుకున్న కడియాలు, వెనకున్న గచ్చు అరుగు మనకు తెలుస్తాయి.

ఇక ఇంటి సంగతి. పాత ఫ్రేము వెనక మేకులు తీసి అట్ట ఎత్తితే దాదాపు ప్రతిసారీ ఒకటే దృశ్యం. వెనక చెక్క పలకలు, ఆ చెక్కకూ ఫోటోకూ మధ్య ఏదో పాత పేపరు. ఫోటో వెనక్కి తిప్పితే చెక్క నారల గీతలు, కర్రలోని ముడి, రెండు పలకల నడుమ ఖాళీ, అన్నీ గోధుమరంగులో అచ్చు గుద్దినట్టు కనపడతాయి. చెక్క, చవక ప్లైవుడ్, గడ్డి అట్ట, వార్తాపత్రిక కాగితం నుంచి ఆమ్లపు ఆవిరి మెల్లగా వచ్చి కాగితాన్ని కాలుస్తుంది. ముందువైపు ముఖం బాగానే ఉందనుకుంటాం, వెనక నుంచి తినేస్తూ ఉంటుంది. ఈ మధ్య పెళ్లి ఫోటోలను ఎండీఎఫ్ బోర్డుకు నేరుగా అంటించి, పైన ప్లాస్టిక్ పొర వేసి అందంగా అమ్ముతున్నారు. ఆ బోర్డు కూడా అదే కోవది. కొత్తగా ఫ్రేము కట్టించేవాళ్లు ఫోటో వెనక నేరుగా తాకేది ఏమిటో అడగండి. యాసిడ్ ఫ్రీ అట్ట, వీలైతే నూలు గుజ్జుతో చేసిన కాటన్ ర్యాగ్ బోర్డు. ఫోటోలకు హాని చేయదని పరీక్ష పాసైన సరుకు అయితే మరీ మేలు. ఆ పరీక్షను ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ అంటారు, ఐఎస్ఓ 18916 ప్రమాణం దానిదే. ఉత్త యాసిడ్ ఫ్రీ అన్న మాట కన్నా ఈ పరీక్షకే ఎక్కువ బరువుంది.

అద్దం సంగతి పైన చెప్పాను కదా. ఫోటో ముందు కిటికీలా మధ్యలో కోసిన మందపాటి మౌంటు అట్ట పెడితే, అద్దం ఆ అట్ట మీద ఆనుతుంది, ఫోటో మీద ఆనదు. మౌంటు వద్దనుకుంటే అంచుల్లో సన్నని స్పేసరు పెట్టొచ్చు. మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడం వదిలిన ఆ చిన్న సందే పటం ఆయుష్షు. మౌంటుకు ఫోటోను ఫెవికాల్‌తో, డబుల్ సైడ్ టేపుతో అంటించనివ్వకండి. నాలుగు మూలలకు కాగితపు కార్నర్లు వేస్తే ఫోటో వాటిలో నిలబడుతుంది, కావలసినప్పుడు బయటికి వస్తుంది. కట్టడానికి నాలుగు వందలయ్యే ఫ్రేముకు మౌంటు, కార్నర్లు కలిపి ఇంకో వంద, నూటయాభై అవుతుంది. ఆ డబ్బు దగ్గర బేరమాడవద్దని నేను గిరాకీలతో నిజంగానే వాదిస్తాను.

పూజ మాట చెప్తే కొందరికి కష్టం కలుగుతుంది. పెద్దల పటానికి పసుపు కుంకుమ పెట్టడం మన ధర్మం, కాదనను. అయితే నీళ్లతో కలిపిన గంధం, కుంకుమ అద్దం కిందికి జారి ఫ్రేము అంచులో చేరుతుంది. తడి చేమంతి దండ వేస్తే రాత్రంతా నీటి చుక్కలు కారి అదే సందులోకి దిగుతాయి. అగరుబత్తీ పొగ, నూనె దీపపు మసి సందుల గుండా లోపలికి పోయి కూర్చుంటాయి. కాబట్టి పూజ గదిలో, దండ కింద ఉండాల్సింది కాపీ. ఇప్పుడు మంచి కాపీ ప్రింటు ఖర్చు తక్కువ. దానికి ఎన్ని బొట్లు పెట్టినా, ఎన్ని దండలు వేసినా దిగులుండదు.

గోడ కూడా చూసుకోవాలి. మా ఖేడ్ చుట్టూ పాత ఇళ్లకు మట్టి, రాతి గోడలు. జడివాన తగిలే గోడకు, బాత్రూమ్ వెనక గోడకు ఫోటో వేలాడదీయొద్దు. కొత్తగా సున్నమో, పెయింటో వేసిన గదిలో ఒక నెలైనా గడిచాకే పటాలు మళ్లీ తగిలించాలి. పెయింటు వాసనలోనే వెండిని తినే వాయువులు ఉంటాయి. దసరాకు ఇల్లు రంగులు వేయించి మరునాడే పటాలు పెట్టేసే అలవాటు మనది. ఫ్రేము కింది అంచుకు వెనకాల రెండు చిన్న కార్కు ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి తిరుగుతుంది. పాత రోజుల్లో పటాలను పైకి కట్టి ముందుకు వంచి వేలాడదీసేవారు. చూడ్డానికి వింతగా ఉన్నా వెనక గాలి ఆడేందుకు అది మంచి పద్ధతి.

లామినేషన్ గురించి నాకు కోపం ఎక్కువ, దాచుకోను. మా ఊర్లో జిరాక్స్ సెంటర్లన్నిటిలోనూ ఆ మిషను ఉంటుంది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు వేయించినట్టే, ఉన్న ఒక్క పెళ్లి ఫోటోనూ వేడి రోలర్ల మధ్యకు పంపిస్తున్నారు. జిలాటిన్ పొర ఆ వేడికి ప్లాస్టిక్ జిగురుతో ఒకటైపోతుంది. తర్వాత ఎవరూ విడదీయలేరు. లోపల ఫోటో గోధుమరంగు తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడమే. అసలు ఫోటోను మాత్రం ఏ మిషనుకూ ఇవ్వకండి. జిగురు గీతల మీద ప్లాస్టిక్ కాగితం వేసే ఆల్బమ్‌ల కథా అదే. అప్పట్లో పెళ్లి బహుమతిగా అందరూ ఇచ్చేవారు. ఆ జిగురు ఎండి ఫోటో వెనక పట్టుకుంది, పైన ప్లాస్టిక్ చాలాసార్లు పీవీసీ, దాని ఆవిరి ఫోటోకు చేటు. ఫోటో ఊడి రాకపోతే పేజీతో సహా స్కాన్ చేయించండి, లాగి చింపకండి.

రంగుల ఫోటోలది మరో దారి. వాటిలో వెండి ఉండదు, మూడు రంగులు ఉంటాయి: నీలం, గులాబీ, పసుపు. డెబ్భైలు, ఎనభైల నాటి ప్రింట్లలో నీలం రంగు చీకట్లో ఉన్నా దానంతట అదే వెలిసిపోతుంది. అందుకే ఆ కాలపు పెళ్లి ఆల్బమ్‌లు తెరిస్తే పెళ్లికూతురు, పందిరి, పాయసం గిన్నె, అన్నీ ఎర్రగా ఉంటాయి. ఎంత జాగ్రత్తగా బీరువాలో పెట్టినా ఆగదు, వేడి తగ్గితే నెమ్మదిస్తుంది. మా దగ్గర వేసవిలో నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి వీటిని ముందుగా స్కాన్ చేసుకోవాలి. వెలిసిన రంగు స్కానులో చాలావరకు తిరిగి తెప్పించవచ్చు.

నేడు కళగా ఫోటోలు కొంటున్నవాళ్లు మా దగ్గరికీ వస్తున్నారు. బతుకమ్మను, తెలంగాణ ఇళ్లను, మనుషులను ఏళ్ల తరబడి కెమెరాలో బంధించిన భరత్ భూషణ్ 2022 జనవరిలో కన్నుమూశాక, అలాంటి ఫోటోలను చూసే కన్ను కాస్త మారిందని నాకనిపిస్తుంది. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శనలు చూసి ఒక ప్రింటు కొనుక్కొచ్చిన ఉపాధ్యాయుడొకరు, దాన్ని చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి తెచ్చి పటం కట్టమన్నారు. ఇలాంటి ప్రింట్లు సాధారణంగా నూలు కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో వేస్తారు. ఇంకు గట్టిదే కానీ పైపూత లేదు, వేలితో రుద్దితే మచ్చ పడుతుంది. చుట్టితే ఇంకు పొర పగలొచ్చు, రబ్బరు బ్యాండులోని గంధకం మచ్చ చేస్తుంది. చదునుగా, రెండు అట్టల మధ్య, పైన నునుపు కాగితం వేసి తేవాలి. ఫ్రేము కట్టాక కిటికీ ఎదురుగా పెట్టకండి. అతినీలలోహిత కిరణాలు ఆపే అద్దం మేలే, అయినా కనిపించే వెలుతురు కూడా కొంత వెలిసేలా చేస్తుంది. మ్యూజియాలలో సున్నితమైన ఫోటోలకు యాభై లక్స్ మసక వెలుతురు మాత్రమే ఇచ్చి, కొన్ని నెలలు ప్రదర్శించాక మళ్లీ పెట్టెలోకి పంపుతారు. ఇంట్లో అంత చేయలేం, ఎండ తగలని గోడ ఒకటి చూసుకోవచ్చు.

దాచుకోవడానికి మన దగ్గర ఉన్నవి సందుగ, బీరువా, అటక. రేకుల ఇంటి అటక పనికిరాదు, వేడికి ఫోటో వంకర్లు తిరుగుతుంది. నేలకు ఆనిన ఇనుప సందుగకు చెమ్మ. నడిమింట్లో బయటి గోడకు తగలని బీరువాలో, నేల నుంచి జానెడెత్తులో ఉంచితే చాలు. ఒక్కో ఫోటోను యాసిడ్ ఫ్రీ కాగితపు కవరులో గానీ, పాలిస్టర్, పాలీప్రొపిలీన్ కవరులో గానీ పెట్టండి. మెత్తగా ఉండి వాసన కొట్టే పీవీసీ కవర్లు వద్దు. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఫోటోలకు హాయి. 65 దాటితే బూజు పడుతుంది. చిన్న హైగ్రోమీటరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. సిలికా జెల్ సంచులు వేస్తే వాటిని నెలకోసారి ఎండబెట్టి మళ్లీ వాడండి. పురుగుల కోసం డాంబర్ గోలీలను ఫోటోలతో కలిపి వేయొద్దు, వాటి ఆవిరి ప్లాస్టిక్‌కూ కాగితానికీ మంచిది కాదు. జిలాటిన్, గంజి ఇష్టపడే సిల్వర్ ఫిష్ పురుగు ఇల్లు శుభ్రంగా, పొడిగా ఉంటేనే వెళ్లిపోతుంది.

ఫోటో పట్టుకునేముందు చేతులు కడిగి తుడుచుకోండి, అంచులు పట్టుకోండి. వెనక బాల్ పెన్‌తో రాస్తే ముందువైపు గీత ఉబ్బుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, అంచున, ఒత్తకుండా రాయాలి. వెనక ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త ప్రింట్ల మీద పెన్సిల్ పడదు, పేర్లు కవరు మీద రాయండి.

ఇల్లు కారి ఫోటోలు తడిసిపోయినప్పుడు చాలామంది ఒకదాని మీద ఒకటి పేర్చి ఎండకు పెడతారు. ఆ దొంతర ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది. తడిగా ఉన్నప్పుడే చల్లటి శుభ్రమైన నీళ్లలో ఉంచి, మెల్లగా విడదీసి, బొమ్మ వైపు పైకి పెట్టి, నీడలో, గాలి తగిలేలా ఒక్కొక్కటిగా ఆరబెట్టాలి. బొమ్మ వైపును దేనితోనూ అద్దకండి. మన వేడిలో రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. అంతలో చేయలేనప్పుడు కవరులో పెట్టి ఫ్రిజ్ పైభాగంలో గడ్డకట్టించినా కొంత సమయం దొరుకుతుంది. ఆల్బ్యుమెన్, గాజు ప్లేట్ల జోలికి మాత్రం మీరే వెళ్లకండి. అవి తడిస్తే అనుభవమున్నవారిని అడగాలి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి కన్జర్వేషన్ ల్యాబ్ ఉంది. సాంస్కృతిక సంపద పరిరక్షణ కోసం లక్నోలో జాతీయ ప్రయోగశాల కూడా ఉంది.

స్కాన్ మాట ఇన్నిసార్లు చెప్పాను కాబట్టి ఒక మాట. 600 డీపీఐలో, టిఫ్ ఫైలుగా చేయించండి. రెండు చోట్ల దాచండి, ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకెక్కడైనా. ఫోన్‌తో తీసినా నేరం కాదు. కిటికీ పక్కన నీడలో, ఫ్లాష్ ఆపి, అద్దం మెరవకుండా నిటారుగా తీస్తే అవసరానికి సరిపోతుంది. స్కాన్ అయింది కదా అని అసలును పారేయకండి. స్కానర్ చూడని వివరం, కాగితం నాణ్యం, స్టూడియో ముద్ర, వెనక రాత అందులోనే ఉన్నాయి.

చివరగా మూతపడ్డ స్టూడియోల సంగతి. ఖేడ్, పిట్లం, జహీరాబాద్, బీదర్ వైపు పాత స్టూడియోల పెట్టెల్లో గాజు నెగెటివ్‌లు, ఫిల్ములు ఇంకా ఉన్నాయి. పాత సామానువాళ్లు గాజు మీది వెండి గోకి, గాజు ముక్కలను అద్దాలకు అమ్మేసిన సంగతి మా పెద్దలు చెప్పేవాళ్లు. గాజు ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా, ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, పొడవు అంచు మీద నిలబెట్టి అట్టపెట్టెలో పెట్టండి. పెట్టె మీద బరువు వద్దు. ఫిల్ము పెట్టె తెరిస్తే పుల్లటి వెనిగర్ వాసన వస్తే అది చెడిపోవడం మొదలైందని గుర్తు, మిగతా వాటి నుంచి వేరు చేసి చల్లటి చోట ఉంచి, ముందుగా దాన్నే స్కాన్ చేయించండి. పాత నైట్రేట్ ఫిల్ము అయితే మంటంటుకునే ప్రమాదం ఉంది, ఇంట్లో దాచుకునేది కాదు.

ఆ పెట్టెలతో పాటు ఆర్డర్ల రిజిస్టరు ఉంటుంది, దాన్ని విడదీయకండి. నాయిన రిజిస్టర్లలో నెగెటివ్ నంబరు, పేరు, ఊరు, ఇచ్చిన అడ్వాన్సు రాసి ఉన్నాయి. నెగెటివ్ మీద నంబరు చూసి, రిజిస్టరులో పేరు వెతికి, ఆ తండాకో, ఆ గల్లీకో కబురు పంపితే, మనవళ్లు వచ్చి చూసి గుర్తుపట్టి ప్రింటు తీసుకెళ్తున్నారు. రిజిస్టరు పోయిన పెట్టెల్లో ముఖాలన్నీ నిక్షేపంగా ఉన్నా ఎవరివో అడగడానికి మనిషి దొరకడం లేదు. మీ ఇంట్లో ఇంకా గుర్తుపట్టే పెద్దవాళ్లు ఉన్నారా? ఈ ఆదివారం ఫోటోలు ముందు పెట్టుకుని కూర్చోండి, పేర్లన్నీ రాయించుకోండి.